ఉప్పు చెమట నుంచి క్లోరైడ్ ద్వారం దాకా

సభకు నమస్కారం.

అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం, క్లోరైడ్ వంటి రేణువులను, అటూ ఇటూ చేరవేసే ప్రోటీన్ల గురించి, అవి పని తప్పినప్పుడు మనిషికి వచ్చే జబ్బుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇటువంటి ప్రోటీన్లు మన శరీరంలో వందల రకాలు ఉన్నాయి. అన్నిటి పేర్లూ చదివి వెళ్లిపోతే ఎవరికీ ఏమీ మిగలదు కనుక, ఈ సాయంత్రం ప్రధానంగా ఒక్క ప్రోటీన్‌నే పట్టుకుని మాట్లాడతాను. దాన్ని సీఎఫ్‌టీఆర్ అంటారు. కణం పైపొరను క్లోరైడ్ అయాన్లు దాటడానికి అది ఒక ద్వారం. పుట్టుకతోనే ఆ ద్వారం పనిచేయని బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు వస్తుంది. అదే ద్వారం మూతపడకుండా తెరుచుకునే ఉండిపోతే, కలరా సోకిన మనిషి ఒక్క పూటలో ప్రాణం మీదికి వచ్చేంత నీటిని పోగొట్టుకుంటాడు. జబ్బుకు పేరు పెట్టినంత మాత్రాన మందు దొరకదని, ఉప్పు ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో, ఏ మెట్టు దగ్గర పొంగిపోయిందో కొలిచి చూసిన తరువాతే మందు దొరికిందని ఈ ప్రోటీన్ చరిత్ర నాకు నేర్పింది. ఆ కొలతల కథనే మీ ముందు పెడతాను.

ముందుగా ఒక చిన్న పునాది. కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో అల్లినది. నూనెలో ఉప్పు వేస్తే కరగకుండా అడుగున ఉండిపోవడం వంటింట్లో అందరూ చూసినదే. సోడియం, పొటాషియం, క్లోరైడ్ వంటి విద్యుదావేశం ఉన్న అయాన్లు ఆ కొవ్వుపొరను సొంతంగా దాటలేకపోవడానికి కారణం కూడా అదే. అవి దాటాలంటే ప్రోటీన్ల సాయం కావాలి. ఆ ప్రోటీన్లలో కొన్ని ద్వారాలు, కొన్ని పంపులు. ద్వారం తెరుచుకుంటే అయాన్లు తమంతట తామే సెకనుకు లక్షల్లో, కొన్ని ద్వారాల గుండా కోట్లలో, పల్లం వైపు పారిపోతాయి. పంపు అలా కాదు. శక్తిని ఖర్చుపెట్టి, గుప్పెడు గుప్పెడుగా, ఎత్తుకు మోస్తుంది.

ఈ పంపుల్లో పెద్దది సోడియం–పొటాషియం పంపు. మన రక్తంలో లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ సోడియం ఉంటే కణం లోపల అందులో పదోవంతు మాత్రమే ఉంటుంది. పొటాషియం సంగతి ఇందుకు తలకిందులు. ఈ తేడాను పగలూ రాత్రీ నిలబెట్టేది ఆ పంపే. ఒక్కొక్క విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకుని, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒకదాన్ని ఖర్చు చేస్తుంది. మనం ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదోవంతు ఈ ఒక్క పనికే పోతుంది. 1957లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో యెన్స్ స్కౌ అనే శాస్త్రవేత్త పీతల కాళ్లలోని నరాలను నూరి, వాటిలో ఏటీపీని చీల్చే ఎంజైమ్ సోడియం, పొటాషియం రెండూ కలిసి ఉన్నప్పుడే చురుకుగా పనిచేస్తుందని గమనించాడు. నలభై ఏళ్ల తరువాత, 1997లో, ఆ పరిశీలనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

ఆ పంపు తినే తిండి అయిన ఏటీపీని 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నాడు. అంతకు ముందు 1925లో ఫిస్కే, సుబ్బారావులు కలిసి ద్రవంలోని ఫాస్ఫేట్‌ను రంగు సాయంతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. పంపు ఏటీపీని చీల్చినప్పుడల్లా ఫాస్ఫేట్ విడుదలవుతుంది కనుక, ఎంత ఫాస్ఫేట్ వచ్చిందో కొలిస్తే పంపు ఎంత పని చేసిందో తెలుస్తుంది. ప్రపంచమంతటా ఎన్నో ప్రయోగశాలలు అయాన్ పంపుల పనిని దశాబ్దాల పాటు ఆ పద్ధతితోనే కొలిచాయి. పరీక్షనాళికలో ఆ నీలిరంగు చిక్కబడుతున్నప్పుడు నాకు ప్రతిసారీ ఆయన గుర్తుకు వచ్చేవాడు. ఆ మాట చెప్పకుండా ఈ పంపు గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

పంపు ఆగితే ఏమవుతుందో మన ఊళ్లలోని వైద్యులకు బాగా తెలుసు. ఇళ్ల ముందు పూసే గన్నేరులో, పచ్చగన్నేరులో ఉన్న విషం ఈ పంపునే పట్టి ఆపుతుంది. గుండె లయ తప్పి ప్రాణం మీదికి వచ్చేది అందువల్లే. 1785లో ఇంగ్లండ్‌లో విలియం విదరింగ్ వైద్యంలోకి తెచ్చిన డిజిటాలిస్ ఆకు కూడా అదే పంపును ఆపుతుంది. కొలిచిన కొద్ది మోతాదులో అది బలహీనపడిన గుండెకు మందుగా పనికివచ్చింది.

ఇక ద్వారం దగ్గరికి వస్తాను.

1938లో న్యూయార్క్‌లో డొరొతీ ఆండర్సన్ అనే వ్యాధినిర్ధారణ వైద్యురాలు, పోషణ లేక చిక్కి చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షిస్తూ, వారిలో కొందరి క్లోమగ్రంథి నిండా తిత్తులు, మచ్చకట్టిన కణజాలం ఉన్నట్టు చూసి ఒక కొత్త జబ్బును వర్ణించింది. ఆ పిల్లలకు తిన్నది అరగదు, ఊపిరితిత్తుల్లో కళ్లె జిగురులా పట్టేసి పదే పదే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అప్పట్లో ఇది క్లోమానికి సంబంధించిన జబ్బు అనుకున్నారు. అయితే 1948 వేసవిలో న్యూయార్క్‌ను వడగాలులు చుట్టుముట్టినప్పుడు, వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పసిపిల్లల్లో ఈ జబ్బు ఉన్నవారు లెక్కకు మించి కనిపించారు. ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్న పాల్ డి సాంటాన్యేసె అనే వైద్యుడు, ఈ పిల్లలు చెమటలో ఏదో పోగొట్టుకుంటున్నారని అనుమానించి కొలిచి చూశాడు. 1953లో ఆయన ప్రకటించిన ఫలితం ప్రకారం ఈ పిల్లల చెమటలో సోడియం, క్లోరైడ్ మామూలు పిల్లల కన్నా కొన్ని రెట్లు ఎక్కువగా ఉన్నాయి. నుదుటిన ముద్దు పెడితే ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువ కాలం బతకదని ఐరోపా పల్లెల్లో పాతకాలం నుంచి ఒక నమ్మకం ఉండేది. తల్లుల పెదవులకు ఎప్పుడో తెలిసిన దానికి అంకె వచ్చింది. క్లోమాన్నీ ఊపిరితిత్తులనూ కోసి చూసిన వైద్యానికి దొరకని ఆధారం, ఏ దెబ్బా తినకుండా ఆరోగ్యంగా కనిపించే స్వేదగ్రంథిలో దొరకడం ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం.

అయితే చెమట ఎందుకు ఉప్పగా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. స్వేదగ్రంథి అడుగున చుట్టచుట్టుకున్న భాగంలో పుట్టే ద్రవం రక్తమంత ఉప్పగానే ఉంటుంది. అది సన్నని నాళం గుండా చర్మం పైకి వచ్చే లోపు, ఆ నాళం గోడలు సోడియాన్నీ క్లోరైడ్‌నూ తిరిగి లోపలికి లాక్కుంటాయి. అందువల్లే మనకు మామూలుగా పట్టే చెమట రక్తం కన్నా చప్పగా ఉంటుంది. 1983లో కాలిఫోర్నియాలో పాల్ క్వింటన్ ఆ సన్నని నాళాలను విడదీసి, సూది కన్నా సన్నని ఎలక్ట్రోడ్లతో విద్యుత్తును కొలిచి, ఈ జబ్బు ఉన్నవారి నాళం గోడను క్లోరైడ్ అసలు దాటలేకపోతోందని నిరూపించాడు. సోడియాన్ని లాగే ద్వారం ఉన్నా, దాని వెంట క్లోరైడ్ రాలేకపోవడంతో రెండూ చెమటలోనే మిగిలిపోతున్నాయి. క్వింటన్ తానే ఈ జబ్బుతో పుట్టిన మనిషి. తన ఒంటిలో ఏమి జరుగుతోందో తెలుసుకోవడానికి జీవితాన్ని వెచ్చించిన ఆ పరిశోధకుడి మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. చెమటలో ఉప్పు ఎక్కువైతే, ఊపిరితిత్తుల్లో కళ్లె ఎండి గట్టిపడటం ఎందుకు? అక్కడ కూడా ఉప్పు, నీరు ఎక్కువ కావాలి కదా? దీనికి సమాధానం ద్వారం స్వభావంలో ఉంది. ద్వారానికి సొంతంగా ఏ దిక్కూ ఉండదు. రెండు వైపులా ఉన్న క్లోరైడ్ గాఢత, పొరకు అటూ ఇటూ ఉన్న విద్యుత్ పీడనం కలిసి ఎటు తోస్తే క్లోరైడ్ అటు పోతుంది. స్వేదనాళంలో ఆ తోపు బయటి నుంచి లోపలికి. పేగులో, క్లోమనాళంలో, శ్వాసనాళపు గ్రంథుల్లో లోపలి నుంచి బయటికి. క్లోరైడ్ బయటికి వస్తే దాని వెంట సోడియం, ఆ రెండిటి వెంట నీరు వస్తాయి. బైకార్బొనేట్ అనే మరో అయాన్ కూడా ఈ ద్వారం గుండానే వచ్చి శ్లేష్మాన్ని వదులుగా విడివడేట్టు చేస్తుంది. ద్వారం లేకపోతే ఒకచోట ఉప్పు పోతుంది, మరొకచోట తడి ఆరిపోతుంది. లోపం ఒక్కటే, ఫలితాలు ఎదురెదురు.

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ సంగతి పుస్తకంలో చదివి ఒప్పుకున్నానే గాని, ఉసింగ్ గది ముందు కూర్చున్న రోజే నమ్మాను. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉసింగ్ కప్ప చర్మం మీద ప్రయోగాలు చేస్తూ రూపొందించిన పరికరం అది. రెండు చిన్న గదుల మధ్య కణజాలపు ముక్కను తెరలా బిగించి, రెండు వైపులా ఒకే ఉప్పునీరు పోసి, అయాన్లు దాటుతున్నప్పుడు పుట్టే విద్యుత్తును కొలుస్తారు. పేగు ముక్కకు ఒక మందు చుక్క తగలగానే ముల్లు పైకి లేచి, సీఎఫ్‌టీఆర్‌ను ఆపే రసాయనం కలపగానే కిందికి పడిపోవడం చూస్తే, కంటికి కనిపించని ద్వారాలు తెరుచుకుని మూసుకుంటున్న సంగతి చేతికి తగిలినట్టే ఉంటుంది.

1989లో టొరంటో నుంచి లాప్ చీ త్సుయి, జాన్ రియోర్డన్, మిషిగన్ నుంచి ఫ్రాన్సిస్ కాలిన్స్, తమ బృందాలతో కలిసి ఈ ద్వారపు జన్యువును ఏడో క్రోమోజోమ్ మీద పట్టుకున్నారు. అది 1480 అమైనో ఆమ్లాల ప్రోటీన్. ఐరోపా సంతతి రోగుల్లో అత్యధికుల జన్యువులో మూడే మూడు అక్షరాలు లేవు. దానితో 508వ స్థానంలో ఉండవలసిన ఫినైల్ అలనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం లేకుండా పోయింది. ఈ ప్రోటీన్ పుట్టిన కుటుంబం చూస్తే మరో వింత. ఏటీపీని ఖర్చుచేసి వస్తువులను మోసే పంపుల వంశంలో పుట్టి, ఇది మాత్రం ద్వారంగా మారింది. ఏటీపీని మోతకు కాక తలుపు తెరవడానికీ మూయడానికీ వాడుకుంటుంది.

జన్యువు దొరికిన రోజున మందు చేతికి అందినట్టే అని చాలామంది అనుకున్నారు. ద్వారం లోపాన్నే సరిచేసే మొదటి మందు రావడానికి 2012 దాకా ఆగవలసి వచ్చింది. ఈ ఆలస్యానికి ముఖ్యమైన కారణం, ఒకే పేరున్న ఈ జబ్బులో లోపాలు పలు రకాలు కావడం. ఇప్పటికి ఈ జన్యువులో రెండు వేలకు పైగా మార్పులను గుర్తించారు. కొన్నిటిలో ప్రోటీన్ తయారే కాదు. కొన్నిటిలో తయారై, ఉపరితలం దాకా చేరి, తలుపు మాత్రం తెరుచుకోదు. 508 లోపంలో ప్రోటీన్ సరిగా మడతపడదు. కణంలోని నాణ్యతా పరీక్షకులు దాన్ని పట్టుకుని దారిలోనే నాశనం చేస్తారు. 1992లో అమెరికా పరిశోధకులు ఆ కణాలను శరీర ఉష్ణోగ్రత కన్నా చల్లగా, 27 డిగ్రీల దగ్గర పెంచితే, మడత కొంత కుదిరి ప్రోటీన్ ఉపరితలానికి చేరి పనిచేస్తుందని చూపించారు. నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనలో అసలైన మలుపు జన్యువు దొరకడం కాదు, ఈ చల్లని కణాల ప్రయోగమే. ఆ ప్రోటీన్ పూర్తిగా పనికిరానిది కాదని, కాస్త ఆసరా ఇస్తే నిలబడుతుందని అది రుజువు చేసింది.

ఆ ఆసరా కోసం లక్షల కొద్దీ రసాయనాలను కణాల మీద ఒక్కొక్కటిగా పరీక్షించారు. అలా దొరికిన ఇవకాఫ్టర్, ఉపరితలానికి చేరి కూడా తెరుచుకోని ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. మొదట్లో అది రోగుల్లో నూటికి నలుగురైదుగురికే పనికివచ్చింది. ప్రోటీన్ మడతను సరిచేసే ఎలెక్సకాఫ్టర్, టెజకాఫ్టర్‌లను దానితో కలిపి చేసిన మందుకు 2019 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. కనీసం ఒక జన్యుప్రతిలోనైనా 508 లోపం ఉంటే అది పనిచేస్తుంది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం పేరు రాయించుకున్న కొందరికి ఆ అవసరమే తప్పింది. ఈ మందు వాడినవారి చెమటలో క్లోరైడ్ తగ్గుతుంది. 1953 నాటి కొలతే ఈనాటికీ మందు పనితీరుకు సాక్షి.

ఇప్పుడు ఇదే ద్వారాన్ని కలరా వైపు నుంచి చూద్దాం. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, కుందేలు పేగును ముడివేసి, కలరా క్రిములు పెరిగిన ద్రవంలో నుంచి క్రిములను వడకట్టి తీసేసి, ఆ ద్రవాన్ని మాత్రమే లోపలికి ఎక్కించాడు. క్రిమి ఒక్కటీ లేకుండానే పేగు నీటితో ఉబ్బింది. కలరా క్రిమి పేగును కొరికి పాడుచేయదని, ఒక విషాన్ని విడిచి దాన్ని మోసగిస్తుందని ఆ ప్రయోగం తేల్చింది. ఆ విషం పేగు కణంలోకి చేరి, సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతాన్ని ఆపకుండా తయారు చేయిస్తుంది. ఆ సంకేతమే సీఎఫ్‌టీఆర్‌కు తెరుచుకోమనే ఆజ్ఞ. క్లోరైడ్ ధారగా బయటికి, వెంట సోడియం, వెంట నీరు. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా పోవచ్చు. కణానికి ఏ గాయమూ లేదు, ప్రోటీన్‌లో ఏ తప్పూ లేదు. తలుపు మూయమని చెప్పే దిక్కు లేదు, అంతే.

పేగు నుంచి నీరు వెళ్లిపోయే దారి మూయలేనప్పుడు, నీరు లోపలికి వచ్చే మరో దారిని వెతకాలి. చక్కెరనూ సోడియాన్నీ జంటగా లోపలికి మోసే ప్రోటీన్ ఒకటి పేగులో ఉందని 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. కలరా విషం ఆ ప్రోటీన్ జోలికి పోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు, దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని పీపాల్లో నింపి రోగుల బంధువుల చేతనే తాగించాడు. మూడోవంతుకు దగ్గరగా ఉన్న మరణాల శాతం నాలుగు లోపుకు దిగిపోయింది. మన ఆశా కార్యకర్త సంచిలోని ఓఆర్‌ఎస్ పొట్లంలో ఉన్నది ఆ జంట మోతే. ఇప్పటి సూత్రం ప్రకారం లీటరు నీటిలో సోడియం, గ్లూకోజ్ రెండూ 75 మిల్లీమోల్స్ చొప్పున, సరిసమానంగా ఉంటాయి. ఆ జంట మోత బాగా సాగడానికి ఎంచిన కొలత అది. అందుకే పొట్లాన్ని చెప్పినంత నీటిలోనే కలపమని తల్లులకు పట్టుబట్టి చెప్పాలి.

ఈ రెండు జబ్బులనూ కలిపి కొందరు ఒక ఊహ చేశారు. జన్యువు ఒక ప్రతిలో లోపం ఉన్నవారికి కలరాలో నీరు తక్కువగా పోయి ప్రాణం దక్కి ఉంటుందని, అందుకే ఐరోపాలో పాతికమందిలో ఒకరు ఆ లోపాన్ని మోస్తున్నారని వారి వాదన. 1994లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం దీనిని బలపరచింది; తరువాతి ప్రయోగాలు బలపరచలేదు. కలరా ఐరోపాకు చేరినదే పంతొమ్మిదో శతాబ్దంలో. ఒక జన్యువు ఇంతగా వ్యాపించడానికి ఆ వ్యవధి చాలదు కనుక ఈ ఊహను నేను ఒప్పుకోలేను. అందంగా అతికినంత మాత్రాన ఏ వివరణా నిజం కాదు.

చివరిగా మన దేశం సంగతి. సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లవాళ్ల జబ్బు అని, మనకు రాదని చాలాకాలం పాఠాల్లో చెప్పుకున్నాం. అది తప్పు. ఇక్కడ కూడా ఈ పిల్లలు పుడుతున్నారు. క్షయ అనో, ఉబ్బసం అనో, పోషకాహార లోపం అనో పేరు పెట్టి మందులు వాడుతుండగానే కొందరు పోతున్నారు. మన ఎండల్లో వీరి కష్టం మరో రూపంలో బయటపడుతుంది. దగ్గూ ఆయాసమూ మొదలుకాక ముందే, చెమటలో ఉప్పంతా పోయి, రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ పడిపోయి, నీరసించిన పసిబిడ్డగా ఆసుపత్రికి వస్తారు. దాన్ని మూత్రపిండాల జబ్బుగా పొరబడే అవకాశం ఎక్కువ. 1948లో న్యూయార్క్‌లో కొన్ని రోజులు వీచిన వడగాలి మనకు ప్రతి ఏటా నెలల తరబడి వీస్తుంది కనుక, ఈ జబ్బును వేసవిలో వెతకవలసిన బాధ్యత మన వైద్యులకు ఇంకా ఎక్కువ.

మరో సంగతి. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతుల్లోనూ లోపం ఉండాలి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఉన్న కుటుంబాల్లో ఒకే అరుదైన లోపం రెండు వైపుల నుంచీ కలిసి వచ్చే అవకాశం పెరుగుతుంది. మన రోగుల్లో 508 లోపం ఐరోపాలో కన్నా బాగా తక్కువ; మిగిలినవారివి రకరకాల అరుదైన మార్పులు. అంటే అక్కడ పదిమందిలో తొమ్మిదిమందికి పనికివస్తున్న మందు, ఇక్కడ అంతమందికి పనికిరాకపోవచ్చు. పైగా 2019లో దానికి అమెరికాలో ప్రకటించిన ధర ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాటే. ప్రోటీన్ తయారే కాని లోపాలకు ఎక్కడా ఇంకా సరైన మందు లేదు. ఊపిరితిత్తులకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో ప్రోటీన్ తయారీ సూచనలను చేరవేసే ప్రయత్నాలు పరీక్షల దశలో ఉన్నాయి. మన పిల్లల్లో ఏ మార్పు ద్వారాన్ని ఏ మెట్టు దగ్గర ఆపుతోందో మన ప్రయోగశాలల్లోనే కొలవాలి. ఆ పని మన కోసం మరొకరు చేసిపెట్టరు. ఈ సభలో ఉన్న యువ పరిశోధకులను నేను చేయిచాచి అడిగేది అదే.

అంతకన్నా ముందు కావలసింది చెమట పరీక్ష. 1959 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి అది. ముంజేతి మీద చెమట పట్టించే పైలోకార్పిన్ మందును సన్నని విద్యుత్తుతో చర్మంలోకి పంపి, అరగంట సేపు చెమటను సేకరించి, క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్‌కు చేరితే జబ్బు ఉన్నట్టే భావించాలి. 30 లోపు ఉంటే దాదాపు లేనట్టే. తక్కువ ఖర్చుతో చెమట సేకరించే పద్ధతిని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చాలా ఏళ్ల కిందటే ప్రకటించారు. సూది గుచ్చనవసరం లేదు, రక్తం తీయనవసరం లేదు. ఏడు నెలల బిడ్డ, మూడోసారి న్యుమోనియా, బరువు పెరగడం లేదు, ముద్దు పెడితే ఉప్పగా ఉందని తల్లి చెబుతోంది. అటువంటి బిడ్డ జిల్లా ఆసుపత్రికి వచ్చిన రోజునే ఆ అరగంట పరీక్ష అక్కడే జరిగేలా చూడాలని ఈ సభలోని వైద్యులను, వైద్యశాఖ అధికారులను వేడుకుంటున్నాను.